పాలు లేవమ్మా, కొంచెం మీగడ వేశాం అంతే

గుంటూరు టిఫిన్ సెంటర్లవారికి, స్వీటు షాపులవారికి, శుభకార్యాలకు వండే వంట మాస్టర్లకు, పంక్తుల్లో వడ్డించే పిల్లలకు,

నమస్కారం.

నేను బ్రాడీపేటలో ఉంటాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా ఇంట్లో జరిగిన రెండు పెళ్లిళ్లకు, ఒక షష్టిపూర్తికి మీలోనే కొందరు వండిపెట్టారు. మీ చేతివంట గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ ఉత్తరం మీరు రోజూ చెప్పే ఒక్క మాట గురించి. "పాలు లేవమ్మా" అనే మాట గురించి.

పోయిన ఏడాది వేసవిలో మా బంధువుల గృహప్రవేశానికి వెళ్లాం. మా అమ్మాయి కొడుకుకు అప్పటికి అయిదేళ్లు. వాడికి పాలు పడవు. అరగకపోవడం కాదు, కడుపు ఉబ్బరం కాదు. పాలు లోపలికి వెళ్తే వాడి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే విస్తరి ముందు కూర్చోకముందే షామియానా వెనక వంటలు చేసేచోటికి వెళ్లాను. "బాబూ, ఈ కుర్మాలో పాలేమైనా పోశారా?" అని అడిగాను. మాస్టరు చేతులు తుడుచుకుని, ఎంతో మర్యాదగా, "లేదమ్మా, చుక్క కూడా పోయలేదు. ధైర్యంగా పెట్టండి" అన్నాడు. ఆ ధైర్యంతోనే పెట్టాను.

రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్దకు నోరు తెరవలేదు. "అమ్మమ్మా, గొంతులో ఏదో గుచ్చుకుంటోంది" అన్నాడు. చూస్తుండగానే పై పెదవి ఉబ్బింది. చెవుల వెనక మొదలైన దద్దుర్లు మెడ మీదుగా వీపంతా పాకాయి. భళ్లున వాంతి చేసుకున్నాడు. మా అమ్మాయి సంచిలోంచి దద్దుర్లకు వాడే సిరప్ తీసి తాగించింది. తగ్గుతుందేమోనని ఇరవై నిమిషాలు చూశాం. ఆ ఇరవై నిమిషాలు మేం వృథా చేయకూడనివి. గొంతు బొంగురుపోయింది, ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపించాయి, ఒళ్లు చల్లబడి నా భుజం మీద మెడ వాల్చేశాడు. కార్లో ఆసుపత్రికి ఎలా చేరామో నాకు సరిగా గుర్తులేదు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఒక్క ప్రశ్న అడిగి, తొడ పక్కన అడ్రినలిన్ ఇంజెక్షన్ చేసింది. అయిదు నిమిషాల్లో వాడి మొహంలోకి రంగు వచ్చింది. ఆ రాత్రంతా అక్కడే ఉంచుకున్నారు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టే ప్రమాదం ఉందట.

రాత్రి తొమ్మిదింటికి మాస్టరు ఫోన్ చేశాడు. ఎవరో చెప్పి ఉంటారు. గొంతు వణుకుతోంది. "అమ్మా, నా పిల్లల మీద ఒట్టు, పాలు పోయలేదు. జీడిపప్పు ముద్దలో కొంచెం మీగడ వేశాం అంతే."

అతను అబద్ధం చెప్పలేదు. నేను అడిగిందానికి సరైన జవాబే చెప్పాడు. ఆ సంగతి అర్థమయ్యాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. మన తెలుగులో పాలంటే గిన్నెలో పోసి కాచేవే. తోడు పెడితే అది పెరుగు. చిలికితే మజ్జిగ, పైకి తేలితే వెన్న, కాచితే నెయ్యి, పైన కడితే మీగడ, విరిగితే విరుగుడు, దగ్గరపడే దాకా మరిగిస్తే కోవా, ఈనిన గేదె మొదటి పాలు కాస్తే జున్ను. ఒక్కో రూపానికి ఒక్కో పేరు పెట్టుకున్న భాష మనది, దానికి నాకు గర్వమే. కానీ ఆ పేర్లు వేరు కావడంవల్ల వంటింట్లో అవి వేరే వస్తువులైపోయాయి. మీరు పాలు లేవన్నప్పుడు మీ మనసులో పెరుగు లేదు, నెయ్యి లేదు. నేను పాలు ఉన్నాయా అని అడిగినప్పుడు నా మనసులో అవన్నీ ఉన్నాయి. మా పిల్లవాడి ఒంటికి మాత్రం ఈ పేర్లేవీ తెలియవు. దానికి అన్నీ ఒకటే.

ఒంట్లో ఏం జరుగుతుందో చెప్తాను, విసుక్కోకుండా చదవండి. తెలిస్తే మీ చేయి దానంతట అదే జాగ్రత్తపడుతుంది. పాలల్లో మాంసకృత్తులుంటాయి, మనం ప్రొటీన్లంటున్నవి. ఆవు పాల ప్రొటీన్లలో నూటికి ఎనభై వంతులు కేసిన్, పాలు విరిగితే గడ్డకట్టేది అదే. మిగతా ఇరవై వంతులు విరుగుడు నీళ్లలో ఉండిపోతాయి. మామూలు ఒంటికి ఇవి బలం. కొందరు పిల్లల ఒంట్లో రక్షణ వ్యవస్థ వీటిని రోగక్రిమిలాంటి శత్రువుగా పొరబడుతుంది. ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసి చర్మంలో, ముక్కులో, గొంతులో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాలకు అంటించి పెట్టుకుంటుంది. మందుగుండు నింపి గుమ్మం దగ్గర కాపలా కూర్చున్నట్టు. తర్వాతెప్పుడో ఆ ప్రొటీను కాస్త తగిలితే చాలు, ఆ కణాల్లోంచి హిస్టమిన్, ఇంకా అలాంటి రసాయనాలు ఒక్కసారిగా బయటపడతాయి. చర్మంలో పడితే దురద, దద్దుర్లు, వాపు. పేగుల్లో పడితే మెలిపెట్టే నొప్పి, వాంతులు. ఊపిరితిత్తుల్లో పడితే గాలి గొట్టాలు బిగుసుకుంటాయి. రక్తనాళాలు వదులైపోయి బీపీ పడిపోతుంది. వీటిలో రెండు మూడు కలిసి వచ్చినా అనాఫిలాక్సిస్ అంటారు. కొన్ని నిమిషాల్లోనే రావచ్చు, రెండు గంటల లోపు ఎప్పుడైనా రావచ్చు.

అందుకే "ఒక్క చుక్కకు ఏమవుతుందమ్మా" అన్నమాట నన్ను అంత భయపెడుతుంది. తేలు చిన్నదని కుట్టించుకోం కదా.

ఇంకో రకం కూడా ఉంది. అందులో ఈ ఐజీఈ ప్రమేయం ఉండదు. తిన్న గంట నుంచి నాలుగు గంటల మధ్య పసిబిడ్డ ఆగకుండా వాంతులు చేసుకుని సోలిపోతుంది. కొందరు చంటిపిల్లలకు విరేచనంలో రక్తపు చారలు కనబడతాయి. ఇది మీకెందుకు చెప్తున్నానంటే, భోజనం చేసి ఇంటికి వెళ్లాక ఎవరైనా ఫోన్ చేస్తే "మా తిండివల్ల అయితే అప్పుడే అయ్యేది" అనకండి. ఆలస్యంగా అయ్యేవీ ఉన్నాయి.

మీకు ఇంకో అనుమానం ఉంటుందని నాకు తెలుసు. "పాలు పడవన్నాయన మొన్న మా దగ్గరే పెరుగన్నం తిన్నాడు. వీళ్లంతా ఊరికే పెద్దది చేస్తారు" అని. ఆయనది వేరే ఇబ్బంది. పాలల్లో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించే ఎంజైము చాలామంది పెద్దవాళ్లలో తక్కువ. పాలు తాగితే కడుపు ఉబ్బరం, గ్యాసు, విరేచనాలు. తోడుకున్నప్పుడు ఆ చక్కెర కొంత తగ్గుతుంది కాబట్టి పెరుగు వాళ్లకు సరిపడుతుంది. బాధే గానీ ప్రాణాపాయం లేదు. ఇద్దరూ పాలు పడవు అనే అంటారు. విన్నవాళ్లకు తేడా తెలియదు. కనుక ఎవరైనా అలా అంటే, "ఎలర్జీయా అండీ?" అని ఒక్కమాట అడగండి. ఆ ఒక్కమాట అడిగిన చోట నేను నిశ్చింతగా కూర్చుంటాను.

ఎలర్జీ పిల్లలకు పెరుగు కూడా పనికిరాదు. తోడుతో చక్కెర మారుతుంది గానీ ప్రొటీన్ మిగులుతుంది. గేదె పాలు, మేక పాలు మార్చి చూడండని మాకు చెప్పని చుట్టం లేరు. ఆవు పాలు పడని పిల్లల్లో చాలా ఎక్కువమందికి అవీ పడవు, వాటి ప్రొటీన్లు అంత దగ్గరగా ఉంటాయి. బాగా మరిగించాం కదా అంటారు. కేసిన్ మరుగుకు లొంగదు. కేకులా చాలాసేపు ఎక్కువ వేడిలో పిండితో కలిసి ఉడికిన పాలను తట్టుకునే పిల్లలు కొందరున్నారు, అది కూడా ఆసుపత్రిలో డాక్టరు ఎదుట తినిపించి తేల్చుకోవాల్సిన సంగతి. ఒక పిల్లవాడు తిన్నాడని ఇంకొకడికి పెట్టే వీల్లేదు.

ఇక నెయ్యి. గుంటూరులో నెయ్యి వద్దంటే వింతగా చూస్తారు, నాకు తెలుసు. నేనూ అలా చూసినదాన్నే. వీడి అన్నప్రాసన నాడు మేనమామ బంగారపు ఉంగరంతో పరమాన్నం నాలుక మీద రాశాడు. పది నిమిషాల్లో మూతి చుట్టూ ఎర్రగా తేలి, పెదవులు వాచి, తాగిన చనుబాలన్నీ కక్కేశాడు. ఇంటినిండా జనం ఉన్నారు, దిష్టి తగిలిందన్నాను. ఉప్పు, ఎండుమిరపకాయలు తీసి తిప్పేశాను. అంతకు మూడు నెలల ముందునుంచే వాడి బుగ్గలు ఎర్రగా చెమ్మగా పగిలి ఉండేవి. వాళ్లమ్మ తాగిన పాల ప్రొటీన్ కాస్త చనుబాల ద్వారా అందుతోందని తర్వాత పిల్లల డాక్టరు చెప్పారు. చనుబాలు మాన్పించొద్దు, తల్లే పాలూ పెరుగూ నెయ్యీ మానాలి అన్నారు. బాలింతకు నెయ్యి లేకుండా అన్నమా అని నేను కొట్లాడాను. చాటుగా కందిపొడిలో ఒక చెంచా వేసి పెట్టాను కూడా. వెన్న కాచితే మిగిలేది వట్టి కొవ్వే, అందులో ప్రొటీనెక్కడిది అని నా సైన్సు. కానీ అడుగున గోధుమరంగులో మిగిలే మడ్డి ఉందే, అది మాడిన పాల ప్రొటీనే. ఎంత వడగట్టినా దాని జాడ నెయ్యిలో ఉంటుంది. వాడి బుగ్గలు మళ్లీ పగిలాక మా అమ్మాయి నన్ను పట్టుకుని అడిగింది. ఏడ్చి ఒప్పుకున్నాను. ఇంట్లో అమ్మమ్మనే నమ్మించడానికి అంతకాలం పట్టింది. మీకు ఒక్కరోజులో అర్థమైపోవాలని అనడం లేదు.

మీ వంటశాలల్లో పాలు ఎక్కడెక్కడ ఉంటాయో ఈ అయిదారేళ్లలో నేను వెతికి వెతికి తెలుసుకున్నాను. మైసూర్ బోండా పిండిలో పెరుగు కలుపుతారు. రవ్వ దోశలో మజ్జిగ పోస్తారు. కొన్నిచోట్ల పుణుగుల పిండికి పుల్ల పెరుగు చేరుస్తారు. బాదుషా పిండిలో పెరుగు, బిర్యానీకి నానబెట్టిన చికెన్‌లో పెరుగు, గ్రేవీ చిక్కబడటానికి పాలపొడి. కట్లెట్‌లో వేసే బ్రెడ్‌లో కూడా పాలు ఉండొచ్చు. వీటిలో ఒక్కదానిలోనూ మీరు పాలు పోయలేదు. పాలున్నాయా అని అడిగితే మీరు నిజాయితీగా లేవనే అంటారు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది చల్ల మిరపకాయ. మన గుంటూరు వాళ్లం, ముద్దపప్పులోకి చల్ల మిరపకాయ లేకపోతే ముద్ద దిగదు. వాటిని ఉప్పు వేసిన మజ్జిగలో రోజుల తరబడి నానబెట్టి ఎండబెడతాం. నూనెలో వేయిస్తే ఆ ఎండిన మజ్జిగంతా నూనెలోకి రాలుతుంది. వెంటనే అదే మూకుట్లో అప్పడాలు, గుమ్మడి వడియాలు వేయిస్తారు. అప్పడంలో పాలెక్కడివి అని ఎవరైనా అంటారు, నేనూ అన్నాను. ఇప్పుడు మా ఇంట్లో ముందు అప్పడాలు, వడియాలు, చివరకు చల్ల మిరపకాయలు. ఆ నూనె మళ్లీ వాడం. మీరు కూడా వరుస మారిస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

దోశ పెనం సంగతీ ఇంతే. అరండల్‌పేటలో ఒక చిన్న టిఫిన్ బండి ఉంది. అక్కడి బాబాయికి ఒకసారి చెప్పాను, వెన్న దోశ వేసిన పెనం మీద, అదే అట్లకాడతో తీసిన సాదా దోశ మావాడికి పెట్టకూడదని. ఆయన రెండో మాట అడగలేదు. పొద్దున్నే వెన్న ముట్టుకోకముందు వేసే మొదటి దోశ వాడిది. అట్లకాడ కడిగి, నూనె వేరే గిన్నెలోది పోసి వేస్తాడు. చట్నీలో పెరుగు కలపలేదని రుబ్బిన మనిషిని పిలిచి అడిగి మరీ చెప్తాడు. ఆయన ఏ చదువూ చదవలేదని ఆయనే అంటాడు. ఆ బండి దగ్గర మావాడు అందరి పిల్లల్లాగే నిలబడి తింటాడు.

గుడికి వెళ్లినా నాకిదే వెతుకులాట. పంచామృతం కుదరదు, నేతి లడ్డూ కుదరదు. అందుకే వాడికి మంగళగిరి పానకాల స్వామి అంటే అంత ఇష్టం. బెల్లం, మిరియాలు, యాలకులు, నీళ్లు. అందరితోపాటు చేయి చాచి పుచ్చుకునే ప్రసాదం అదొక్కటే. మెట్లెక్కేటప్పుడు నన్ను దాటి పరుగెడతాడు.

చట్టం ఏమంటుందో కూడా చెప్తాను, బెదిరించడానికి కాదు. ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన లేబుల్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద పాలు, గుడ్డు, వేరుశనగ, సోయా, చేపలవంటి ఎలర్జీ పదార్థాలు ఉంటే ఉన్నాయని విడిగా రాయాలి. సెంట్రల్ లైసెన్సు ఉన్నవాళ్లు, పదీ అంతకు మించి చోట్ల శాఖలున్న హోటళ్లవాళ్లు మెనూలో కూడా చెప్పాలి. ఒక్క షాపు, ఒక్క బండి, ఒక్క క్యాటరింగ్ జట్టు ఉన్న మీకు మెనూ సంగతిలో ఆ లెక్క వర్తించదు. అందుకే అధికారులకు కాకుండా నేరుగా మీకు రాస్తున్నాను. మీ స్వీటు షాపులో అద్దం వెనక ప్రతి రకానికీ ధర రాసిన చిన్న అట్టముక్క ఉంటుంది. దాని మీదే "పాలు, పెరుగు, కోవా ఉన్నాయి", "నెయ్యి ఉంది", "ఇవేవీ లేవు" అని ఇంకో వరుస రాయండి. నువ్వుల ఉండలు, వేరుశనగ చిక్కీ, మరమరాల ఉండలు, పాకం గారెలు నూనెతో, బెల్లంతో చేసేవి మీ దగ్గర చాలానే ఉన్నాయి. వాటిని కోవా తీసిన చేత్తో, అదే పట్టకారుతో తీసి ఇవ్వకుండా ఉంటే అవి మా పిల్లలకు పండగ. పాలు లేని పిల్లవాడికి సున్నం, అంటే క్యాల్షియం, ఎలా అని అందరూ బెంగపడతారు. రాగిజావ, నువ్వులు, మునగాకు ఉన్న ఊళ్లో ఆ బెంగ నాకు లేదు, వాటిని డాక్టరు చెప్పిన లెక్కలో పెడుతున్నాం.

ఒకమాట వడ్డించే పిల్లలకు. నాయనా, మీరు కొసరి కొసరి వడ్డించేది ప్రేమతోనే. కానీ చిన్నపిల్లవాడు విస్తరి మీద చేతులు అడ్డం పెట్టి వద్దంటే ఆగండి. "కొంచెం నెయ్యి వేసుకో, బలం" అని గరిటె వంచకండి. కొంచెం కొంచెం అలవాటు చేస్తే అదే పోతుందని కూడా అనకండి. అలవాటు చేసే వైద్యం ఉంది, దాన్ని చుక్కల్లో కొలిచి ఆసుపత్రి పర్యవేక్షణలో చేస్తారు, పంక్తిలో కాదు. నెయ్యి గరిటెనే పప్పులో ముంచే అలవాటు ఉంటే అదీ మానండి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదైనా జరిగితే ఏం చేయాలో మీలో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలని నా కోరిక. ఎక్కువ వింటున్న మాట "వేడి చేసింది, మజ్జిగ తాగించండి" అని. దయచేసి ఆ పని చేయకండి. దద్దుర్లతో ఉన్న ఎలర్జీ పిల్లవాడికి మజ్జిగ పట్టడమంటే మంటలో నూనె పోయడమే. దద్దుర్లతోపాటు వాంతి గానీ, ఆయాసం గానీ, బొంగురు గొంతు గానీ, సోలిపోవడం గానీ కనబడితే వెంటనే 108కి ఫోన్ చేయండి. పిల్లవాణ్ని నడిపించకండి, నిలబెట్టకండి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి. ఊపిరి అందకపోతే కూర్చోబెట్టండి. దద్దుర్ల మాత్ర, సిరప్ దురదను తగ్గిస్తాయి గానీ మూసుకుపోతున్న గొంతును తెరవలేవు, పడిపోతున్న బీపీని లేపలేవు. ఆ పని చేసేది అడ్రినలిన్ ఒక్కటే. తొడ బయటి వైపు కండలోకి, కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము లెక్కన ఇస్తారు. ఇప్పుడు మా అమ్మాయి సంచిలో ఆ మందు, సిరంజి, వాడి బరువుకు డాక్టరు రాసిచ్చిన మోతాదు కాగితం ఎప్పుడూ ఉంటాయి. ఎలా పొడవాలో మా ఇద్దరికీ నేర్పించారు. మొదటిసారి నా చేయి వణికింది, ఇప్పుడు వణకదు. అది ఇచ్చినా సరే, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుందని చెప్పారు. ఏడాదికోసారి ముంజేతి మీద చుక్కలు పెట్టి సూదిమొనతో గుచ్చి పరీక్ష చేస్తున్నారు. ఈసారి వాపు కిందటిసారికన్నా చిన్నదిగా వచ్చింది. అయినా ఇంకా తినకూడదన్నారు.

మాఘమాసంలో మా రెండో అమ్మాయి పెళ్లి. నాలుగు వందల విస్తళ్లు. గృహప్రవేశానికి వండిన ఆ మాస్టరుకే అప్పగించాం. చుట్టాలు వద్దన్నారు, నేను వినలేదు. ఆ రోజు తర్వాత ఆయన నన్ను కలిసి, ప్రతి వంటకంలో ఏమేం పడతాయో పేర్లతో సహా పుస్తకంలో రాసి చూపించాడు. పెళ్లికి మీలో ఇంకెవరైనా స్వీట్లు, పెరుగువడలు తెచ్చిచ్చే పనిలో ఉంటే, ముందు ఒక సాయంత్రం మా ఇంటికి రండి. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, మీగడ, కోవా, పాలపొడి అని పేరు పేరునా కలిసి చూసుకుందాం. ఆ రోజు పిల్లవాడికోసం ఒక చిన్న పెనం, ఒక మూకుడు, రెండు గరిటెలు, ఒక సీసా నువ్వుల నూనె నేను తెస్తాను. పెరుగు బానలకు దూరంగా ఒక పొయ్యి మాత్రం మీరివ్వండి.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
బ్రాడీపేట, గుంటూరు